పసుపు పట్టేదాకా

ఇప్పుడేం చదువుతున్నావని అడిగావు గదా ఖాజావలీ,
చెప్తా.
ముందు ఈ రెండు మొద్దులు లోపలికి తొయ్యనీ.

కొండపి చేలల్లో బ్యారన్ కాడ రాత్రి కాపు నాది.
గంటకోసారి టార్చి వేసి
గోడ అద్దంలోంచి వేడి ఎంతుందో చూడాలి.
ఆ గంటకీ ఈ గంటకీ మధ్య
పదహారు పేజీలు పడతాయి,
అక్షరం చిన్నదైతే పన్నెండు.

ఇది ఒంగోల్లో తూకానికి కొన్నవాటిలో వచ్చింది.
అట్ట లేదు. పేరు తెలీదు.
ఒకడు బావి తవ్వుతుంటాడు.
నలభై అడుగులు దిగాడు, నాకు నలభై పేజీలైనాయి,
ఇద్దరికీ రాయే తగుల్తోంది.

నీకిస్తా, కానీ మొదట్లో విసుగొచ్చిద్ది.
ఆకు పసుపు పట్టేదాకా మంట పెంచకూడదు గదా,
ఇదీ అంతే.
తొందరపడ్డావా, పచ్చి మీదే మాడిపోద్ది.
రంగు కుదిరాక నువ్వాపినా ఆగదు.
ఇక ఈనె ఆరడమంటావా,
ఏ పుస్తకానికైనా అది ఆఖర్నే:
మూసి పక్కన పెట్టిన మూడోరోజు
ఎవరి సైకిలుకో పంచరేస్తా ఉంటావు,
నీళ్ల తొట్లో ట్యూబు ముంచి బుడగ కోసం చూస్తావు,
అప్పుడు అర్థమయ్యిద్ది.

గ్రేడింగ్ కొట్టంలో సువార్తకి ఇంత ఓపిక లేదు.
పుస్తకాన్నీ ఆకుని చూసినట్టే చూసిద్ది,
వెలుతురుకెత్తి,
మచ్చ కనపడితే పక్కకి.
పోయిన వారం నేనిచ్చిన నవల నా ముందు పడేసి,
"మూడొందల పేజీలు ఏడ్చింది గదా ఈ మనిషి,
ఒక్కపూటన్నా అన్నం వార్చిందా?
ఆ కొంపలో ఎవురు వండుతున్నారో
రాయలేదే మీవోడు?" అంది.

నాకు ప్రాణమైన పుస్తకమది.
రెండు రోజులు మా మధ్య మాటల్లేవు.
మూడోనాడు మళ్లీ మొదట్నుంచి తిరగేశా.
నిజమే. పొయ్యి ఎక్కడా లేదు.
ఇప్పుడు ఏది తెరిచినా ముందు పొయ్యి కోసం వెతుకుతున్నా.
ఆమె వల్ల చెడిపోయానబ్బయా.

మా ఆసామి మాలకొండయ్య సంగతి నీకు చెప్పలా.
జనవరిలో, నూట పన్నెండో పేజీ కాడ
ఒక పిల్ల సంచి పట్టుకోని బస్సు కోసం నిలబడింది,
ఎక్కుద్దో ఎక్కదో,
నేను అద్దం చూడ్డం మర్చిపోయా.
పది డిగ్రీలు ఎగబాకింది వేడి.
కింది వరస కర్రలన్నీ నల్లబడ్డాయి.

తెల్లారి వచ్చి ఆకు నలిపి చూసి
ఆయన తిట్టిన తిట్లు ఏ పుస్తకంలోనూ అచ్చెయ్యరు.
జరిమానా కింద పుస్తకం లాక్కుపోయాడు.
పొయ్యిలో పెట్టుంటాడనుకున్నా.

తొమ్మిది రోజులకి
టంగుటూరు వేలం నుంచి వస్తా వస్తా
మోటారు సైకిలు దిగకుండానే నా ఒళ్లోకి విసిరి,
చెక్కు ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు:
"ఆ పిల్ల బస్సెక్కకుండా ఉండాల్సిందిరా."

తెరిచి చూశా.
ప్రతి పేజీ అంచునా
ఆకు జిగురంటిన బొటనవేలి ముద్ర.
ఆఖరి పేజీ మీద రెండు.
కూలిలో మాత్రం మూడొందలు కోశాడు.

సరే, తీసుకో.
రేపట్నుంచి మూడు రోజులు మంట పెంచాలి,
పుస్తకం ముట్టుకోను, ఆ మూడొందలు చాలు నాకు.
వాసనొచ్చిద్దని మీ ఇంట్లో అంటారేమో,
మా పుస్తకాలకి పురుగు పట్టదని చెప్పు,
నడుమ ఆకు పెడతాం.
ఆ ఆకు తియ్యమాక, నేను ఆగిన చోటది.
నీళ్లు పడ్డాయో లేదో
నాకన్నా ముందు నీకే తెలిసిద్ది,
చెప్పమాక.

బదులుకి నీకాడ ఏమున్నాయో చూడు.
పొయ్యి ఉన్నది దొరికితే
సువార్తకి.